రెండో అంతస్తు ఫ్లాట్‌లోకి వీధి కుక్కపిల్ల: పాస్, ఏడుపు, పళ్ళగాట్లు, అత్తయ్య గారి వంటిల్లు

శైలజ_కేపీహెచ్‌బీ (చర్చ మొదలుపెట్టినవారు) | జూన్

అందరికీ నమస్కారం. మా వాడి పోరు పడలేక చివరికి ఇంట్లోకి కుక్కపిల్ల వచ్చేసింది. కొనలేదు. మా వీధి చివర టిఫిన్ బండి వెనకాల పుట్టిన పిల్లల్లో ఒకటి. తల్లిని ఏదో కారు గుద్దేసింది. మిగతావాటిని తలా ఒకరు పట్టుకెళ్ళారు, ఇది మా వంతుకొచ్చింది. ఆడపిల్ల, గోధుమరంగు, పేరు బంతి. పశువుల డాక్టరు పళ్ళు చూసి రెండు నెలలుంటాయన్నారు. నట్టల మందు పోసి, మొదటి టీకా వేశారు.

ఇంట్లో నేను, మా ఆయన, ఎనిమిదేళ్ళ బాబు, అత్తయ్య, మామయ్య. కింద మట్టి అన్నది లేదు, అంతా పార్కింగే. అత్తయ్య గారిది మడి, ఇంట్లోకి గుడ్డు కూడా రాదు. ఇక మా బాధలు వినండి.

పాస్ ఎక్కడ పడితే అక్కడ పోస్తుంది. పేపరు పరిస్తే పేపరు చింపి, ఆ పక్కన పోస్తుంది. రాత్రి లైటు తీస్తే చాలు ఏడుపు, పైఫ్లాటు వాళ్ళకి కూడా నిద్ర లేదు. బాబు చేతుల నిండా పళ్ళగాట్లు. పెరుగన్నం తప్ప ఏం పెట్టాలో తెలీదు.

వీటన్నిటికీ మించి, ఇంట్లో తలా ఒక మాట. మామయ్య గారు గొలుసు వేసి బాల్కనీలో కట్టేయమంటారు. మా ఆయన యూట్యూబ్ చూసి ఇంగ్లీషులో ఆజ్ఞలిస్తారు. బాబు సోఫా ఎక్కిస్తాడు, నేను దింపుతాను. ఎవరైనా దారి చెప్పండి.

---

పశువైద్యుడు_ఓరుగల్లు

శైలజ గారూ, మిగతావన్నీ తర్వాత. బాబు చేతుల మీద గాట్లన్నారు. చర్మం గీరుకుందా? రక్తం వచ్చిందా?

---

శైలజ_కేపీహెచ్‌బీ

రెండు చోట్ల చుక్క రక్తం కనిపించింది డాక్టర్ గారూ. మామయ్య గారు సున్నం రాశారు. పాలపళ్ళే కదా, ఇంత పసిదానికి కూడా రేబిస్ ఉంటుందా?

---

పశువైద్యుడు_ఓరుగల్లు

ఉండొచ్చు. దాని తల్లికి టీకా పడిందో లేదో మనకి తెలియదు, అది పుట్టిన చోట ఇంకే కుక్క కరిచిందో తెలియదు. పసిపిల్లకి రేబిస్ రాదనేది ఉత్త నమ్మకం. దానికి మొన్న వేసినది పార్వో, డిస్టెంపర్ వంటి వైరస్ జబ్బులకి వేసే టీకా. రేబిస్ టీకా మూడో నెల నిండాక వేస్తాం. అంటే ఈ క్షణాన దానికి రేబిస్ రక్షణ లేదు.

చేయాల్సింది ఇది. గాయాన్ని కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గంటలు గడిచినా సరే, కడగండి. సున్నం, పసుపు, కారం, కాఫీపొడి, పసరు ఏదీ పెట్టొద్దు. ఈరోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. రక్తం రాకుండా గీరుకుంటే టీకా చాలు. రక్తం వచ్చింది కాబట్టి మీ బాబుది మూడో తరగతి, అంటే తీవ్రమైన గాయం కిందికి వస్తుంది. టీకాతో పాటు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే ఇంజెక్షను) కూడా వేయాలి, అది అడిగి మరీ వేయించండి. చర్మంలోకి వేసే పద్ధతిలో టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కండకి వేస్తే 0, 3, 7, 14, 28. ఈలోగా కుక్కపిల్లని 10 రోజులు కనిపెట్టుకుని ఉండండి. అది నిక్షేపంగా ఉంటే మిగిలిన డోసుల సంగతి ఆసుపత్రి డాక్టరే చెబుతారు. పది రోజులు చూసి అప్పుడు సూది మొదలుపెడదాం అని మాత్రం అనుకోవద్దు. రేబిస్ లక్షణాలు పైకి తేలాక మందు లేదు.

---

నల్గొండ_నరేష్

అక్కా, డాక్టర్ సాబ్ చెప్పింది మంచిగ ఇనుండ్రి. మా దిక్కు ఇప్పటికి కుక్క కరిస్తె పసరు పోసెటోళ్ళ ఇంటికి ఉరుకుతరు. నారాయణగూడ ఐపీఎంల కుక్కకాటు సూదులు ఏస్తరు. మీకు దూరమైతె దగ్గర్ల ఉన్న సర్కారు దవాఖానల అడుగుండ్రి, పైసల్ తీస్కోరు.

---

శైలజ_కేపీహెచ్‌బీ

వెళ్ళొచ్చాం. మొదటి డోసు, గాయం చుట్టూ ఆ ఇంజెక్షను రెండూ అయ్యాయి. నరేష్ తమ్ముడు చెప్పినట్టే డబ్బులు తీసుకోలేదు. సున్నం చూసి అక్కడి నర్సమ్మ మామయ్య గారిని నాలుగు కడిగింది. ఇంటికొచ్చేదాకా ఆయన నోరు విప్పలేదు.

ఇప్పుడు పాస్ సంగతి చెప్పండి ఎవరైనా.

---

వీధికుక్కల_సింధు (విశాఖ)

శైలజక్కా, ముందు ఒకటి. రెండు నెలల పిల్ల ఆపుకోలేదు. ఒక అంచనాకి, ఎన్ని నెలల వయసో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు, అదీ నిద్రలో. మెలకువగా ఆడుతున్నప్పుడు అరగంటకోసారి పోసినా ఆశ్చర్యం లేదు. కాబట్టి కోప్పడి లాభం లేదు, వేళ పట్టుకోవాలి. నిద్ర లేచిన వెంటనే, తిన్న పావుగంటలోపు, ఆట మధ్యలో, ఎవరైనా బయట్నుంచి వచ్చి అది ఎగిరి గంతులేసిన వెంటనే. ఈ నాలుగు సమయాల్లో ఎత్తుకెళ్ళి ఒకే చోట దింపండి. ముక్కు నేలకానించి గిరగిరా తిరుగుతోందంటే ఇక క్షణం కూడా లేదని అర్థం.

చోటు గురించి. మీ బంతి మట్టిలో పుట్టింది. కాళ్ళ కింద మట్టో గడ్డో తగిలితేనే దానికి అది పాస్ పోసే చోటు అనిపిస్తుంది. పేపరు దానికి చింపుకునే బొమ్మ. నర్సరీలో మొక్కలు పెట్టే వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే తెచ్చి, నాలుగు వేళ్ళ మందం మట్టి పోసి, పైన గడ్డి పరవండి. బాల్కనీలో ఒక మూల పెట్టండి. ఒకసారి అది పోసిన పాస్ ని గుడ్డతో అద్ది ఆ మట్టి మీద పడేయండి, వాసన గుర్తు ఉంటుంది. పోసిన చోటే, పోసిన మరుక్షణమే రెండు పుట్నాలు నోట్లో పెట్టి మెచ్చుకోండి. లోపలికొచ్చాక ఇస్తే లోపలికి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది.

ఇంట్లో పోసిన చోట ముందు గుడ్డతో పీల్చేసి, కుక్కల వాసన పోవడానికి అమ్మే ఎంజైమ్ ద్రావణం రాయండి. మామూలు ఫినాయిల్ మన ముక్కుకి వాసన కప్పేస్తుంది కానీ దాని ముక్కుకి పాత గుర్తు అలాగే ఉంటుంది. పైగా తడి ఫినాయిల్ నేల నాకితే కడుపు పాడవుతుంది.

మూతి తీసుకెళ్ళి పాస్ లో రుద్దడం మాత్రం ఎవర్నీ చేయనివ్వకండి. దాంతో అది నేర్చుకునేదల్లా మీ కంట పడకుండా పోయడం. సోఫా వెనకాల, మంచం కింద దొరుకుతుంది మీకు.

---

గోదారిగట్టు (రాజమండ్రి)

అమ్మాయ్, మీరంతా చెప్పేది చదువుతుంటే నవ్వొస్తోంది. మా ఇంట్లో నా చిన్నప్పట్నుంచీ కుక్క లేని రోజు లేదు. ఒక్కదానికీ ట్రైనింగు లేదు, ట్రే లేదు, పుట్నాలు అసలే లేవు. పగలు గొలుసు, రాత్రి విడుపు. గంజన్నం. గేటు దగ్గర ఈగ వాలనిచ్చేవి కాదు. మీ మామగారు చెప్పిందాంట్లో తప్పేముంది?

---

వీధికుక్కల_సింధు

బాబాయ్ గారూ, మీ ఇంటికి గేటుంది. చుట్టూ పెరడు ఉండుంటుంది. రాత్రి విడిస్తే ఊరంతా తిరిగొచ్చేది, దాని పాస్, దాని ఆట, దాని స్నేహాలు అన్నీ అది చూసుకునేది. మీరు పెంచినదానిలో సగం ఊరు పెంచింది. ఇక్కడ ఆరడుగుల బాల్కనీ. అందులో గొలుసు వేసి కట్టేస్తే ఎండకి మాడుతుంది, పోసిన చోటే పడుకుంటుంది, కిందికెళ్ళే ప్రతి మనిషినీ చూసి మొరుగుతుంది. ఈగ వాలనివ్వని కుక్క అపార్ట్‌మెంట్‌లో పాలవాడిని కరుస్తుంది.

---

గోదారిగట్టు

అది నిజమేలే. పెరడు ఉంది, జామచెట్టు కూడా. కానీ ఒకటి చెప్తాను, ఒప్పుకుని తీరాలి. మా కుక్కలకి ఇంట్లో అందరూ ఒకటే మాట చెప్పేవారు. మా నాన్నగారు గడప దాటొద్దంటే మా అమ్మ కూడా దాటనిచ్చేది కాదు. మీ ఇంట్లో ఒకరు సోఫా ఎక్కిస్తే ఒకరు దింపుతున్నారు. అదెవరి మాట వింటుంది?

---

పశువైద్యుడు_ఓరుగల్లు

బాబాయ్ గారి ఈ మాటకి నా పూర్తి మద్దతు. గొలుసుకి మాత్రం లేదు.

---

డల్లాస్_వంశీ

ఇక్కడ మేం మా పప్పీకి క్రేట్ వాడాం. వైరు పంజరం లాంటిది, లోపల పరుపు, ఒక పక్క నీళ్ళు. అది నిలబడి ఒళ్ళు తిప్పుకునేంత సైజు చాలు. కుక్కలు పడుకునే చోట పాస్ పోసుకోవు కాబట్టి టాయిలెట్ అలవాటు త్వరగా వస్తుంది. రాత్రి ఏడుపుకి కూడా అదే మందు. శైలజ గారు అక్కడ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

---

నల్గొండ_నరేష్

అన్నా, జూన్ల హైదరాబాద్ కరెంటు పోతె ఆ ఇనుప బోనుల కుక్క కాదు, గారె ఏగుతది.

---

శైలజ_కేపీహెచ్‌బీ

అత్తయ్య గారికి ఫొటో చూపిస్తే "పసిదాన్ని జైల్లో పెడతారా" అన్నారు. దాన్ని ముట్టుకోరు కానీ జైలంటే ఒప్పుకోరు.

---

వీధికుక్కల_సింధు

వంశీ గారు చెప్పిన పద్ధతిలో అర్థముంది, తలుపు మూసి గంటలకొద్దీ వదిలేయనంత వరకు. మనకి ఫ్రిజ్ అట్టపెట్టె చాలు. ఒక పక్క కోసి దారి పెట్టండి, లోపల మీరు కట్టి విడిచిన పాత నూలు చీర వేయండి, ఉతక్కుండా. ఆ పెట్టె మీ మంచం పక్కనే ఉండాలి. ఇన్నాళ్ళూ తోబుట్టువుల మధ్య మూతి దూర్చి పడుకున్న పిల్ల అది. ఒక్కసారిగా హాల్లో చీకట్లో వదిలేస్తే ఏడవక ఏం చేస్తుంది? రాత్రి కదిలినప్పుడు చేయి కిందికి జార్చి ఆనిస్తే చాలు. అలవాటయ్యాక పెట్టెని రోజూ కాస్త కాస్త జరుపుకుంటూ హాల్లోకి తీసుకెళ్ళండి.

అర్ధరాత్రి ఒకసారి లేపి ట్రే దగ్గరికి తీసుకెళ్ళడం తప్పదు. లైటు వేయకండి, మాట్లాడకండి, ఆడించకండి. పోసిందా, మళ్ళీ పెట్టెలోకి. ఆ పూట ముద్దులు మొదలెడితే రోజూ రెండింటికి లేచి కూర్చుంటుంది.

---

శైలజ_కేపీహెచ్‌బీ

చీర పని చేసింది! రాత్రి ఒక్కసారే లేచింది. పై ఫ్లాటు ఆంటీ పొద్దున్నే "కుక్కని ఇచ్చేశారా" అని ఆనందంగా అడిగారు.

తిండి గురించి డాక్టర్ గారూ. ఇంట్లో శాకాహారమే. పాలు పోస్తే విరేచనాలయ్యాయి.

---

పశువైద్యుడు_ఓరుగల్లు

తల్లిపాలు వేరు, ప్యాకెట్ పాలు వేరు. చాలా పిల్లలకి ఆ పాలలోని లాక్టోజ్ అరగదు. పెరుగు పరవాలేదు, మజ్జిగ పరవాలేదు. కానీ పెరుగన్నం ఒక్కటే పెడితే పొట్ట పెరుగుతుంది, ఎముక పెరగదు. ఎదిగే పిల్లకి మాంసకృత్తులు బాగా కావాలి. మీ ఇంటి పద్ధతికి తేలిక దారి: కుక్కపిల్లల కోసం తయారుచేసిన పొడి ఫీడు, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, రోజుకి నాలుగు పూటలు. మూడు నెలలు దాటాక మూడు పూటలు. పక్కన కొంచెం పెరుగు, ఉడికించిన క్యారెట్, గుమ్మడికాయ, పనీర్ ముక్క. గుడ్డు బయట ఉడకబెట్టి పెట్టగలిగితే మరీ మంచిది. గిన్నె పావుగంట ఉంచి తీసేయండి. రోజంతా గిన్నె నిండుగా ఉంటే పాస్ వేళ, దొడ్డికి వేళ మీ చేతిలో ఉండవు. కాల్షియం సిరప్‌లు ఎవరో చెప్పారని పోయకండి, ఎక్కువైనా నష్టమే.

పెట్టకూడనివి: ఉల్లి, వెల్లుల్లి ఏ రూపంలోనైనా. సాంబారులో ఉడికిన ఉల్లి కూడా ఉల్లే, ఎర్రరక్తకణాల్ని దెబ్బతీస్తుంది. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్. పాయసం గిన్నె నాకించేవాళ్ళు కిస్‌మిస్ సంగతి గుర్తుంచుకోవాలి. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ కొంచెం పోయినా ప్రాణం మీదికొస్తుంది. నట్టల మందు మూడు నెలల వయసు వరకు రెండు వారాలకోసారి, ఆ తర్వాత ఆరు నెలలదాకా నెలకోసారి.

---

తణుకు_తాయారు

డాక్టర్ గారూ, మామిడి టెంక మర్చిపోయారు. ఈ కాలంలో మా ఊళ్ళో చిన్న రసాల టెంక మింగేసి పేగులో ఇరుక్కుని ఆపరేషన్‌కి వెళ్ళిన కుక్కలున్నాయి. చీకి పారేసే అలవాటున్న ఇల్లయితే టెంకల బుట్టకి మూతుండాలి. మొక్కజొన్న కంకి కూడా అంతే.

---

పశువైద్యుడు_ఓరుగల్లు

తాయారు గారూ, నిజం. జూన్‌లో నేను తీసే ఎక్స్‌రేలలో టెంకలే ఎక్కువ. ఉడికిన కోడి ఎముకల్ని కూడా కలపండి, అవి సూదుల్లా చీలతాయి.

---

శైలజ_కేపీహెచ్‌బీ

ఇక కరవడం. బాబుకి టీకాలు పడుతున్నాయి సరే, కానీ వాడు పరుగెడతాడు, అది వెంటపడి పిక్క పట్టుకుంటుంది, వాడు కేకలేస్తాడు, దానికి ఇంకా హుషారు.

---

వీధికుక్కల_సింధు

బాబుని పిలిచి ఇది మీరే చదివి వినిపించండి.

కన్నా, నువ్వు పరుగెడితే బంతి కళ్ళకి నువ్వు ఎలుక. అరిస్తే ఇంకా మంచి ఎలుక. అది పళ్ళు తాకించగానే చెట్టులా నిలబడిపో. చేతులు కట్టుకో, దానికేసి చూడకు. దానికి విసుగొచ్చి ఆగుతుంది. ఆగిన క్షణంలో నీ చేతికి బదులు బొమ్మ దాని నోటికివ్వు.

శైలజక్కా, మీకు: పాలపళ్ళు 28, నాలుగో నెల నుంచి అవి ఊడి శాశ్వతమైనవి 42 వస్తాయి. ఆరేడు నెలలదాకా చిగుళ్ళ దురద ఉంటుంది. అప్పుడు ఇప్పటికన్నా ఎక్కువ కొరుకుతుంది, భయపడకండి. పాత టవలు ముక్క తడిపి, పిండి, ముడివేసి ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వండి. చల్లని క్యారెట్ కూడా. చెప్పులు మాత్రం అలమారలోకి వెళ్ళాల్సిందే. పాత చెప్పు ఆడుకోమని ఇచ్చి, కొత్త చెప్పు కొరికితే కొట్టడం అన్యాయం, దానికి రెండూ తోలే.

రెండు నియమాలు పెద్దలు కాపలా కాయాలి. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు బాబు దాని జోలికి వెళ్ళకూడదు. పెద్దవాళ్ళు గదిలో లేనప్పుడు ఇద్దర్నీ కలిపి వదలకూడదు. ఎంత మంచి కుక్కయినా సరే.

---

గోదారిగట్టు

చెప్పు సంగతి బాగా చెప్పావమ్మా. నా కొత్త బాటాలు గుర్తొచ్చాయి.

---

శైలజ_కేపీహెచ్‌బీ

బాబాయ్ గారి మాట పట్టుకుని నిన్న రాత్రి ఇంట్లో మీటింగు పెట్టాను. ఫ్రిజ్ మీద కాగితం అంటించాం. సోఫా లేదు. వంటింటి గడప లేదు. భోజనాల బల్ల దగ్గర ఎవరూ పెట్టరు. మాటలు నాలుగే: రా, ఆగు, కూర్చో, వద్దు. మా ఆయన "సిట్ అంటే ప్రపంచమంతా తెలుసు" అని వాదించారు. మామయ్య గారు "బంతి ప్రపంచం ఈ ఫ్లాటే" అన్నారు. తీర్మానం నెగ్గింది.

---

నల్గొండ_నరేష్

మా కుక్కకు "దా" అంటెనే వస్తది. మా వదిన గుంటూరామె, "రా" అంటె అటు జూస్తది, రాదు.

---

పశువైద్యుడు_ఓరుగల్లు

"రా" గురించి ఒక మాట. దాన్ని తిట్టడానికి, స్నానానికి, గోళ్ళు కత్తిరించడానికి "రా" అని పిలవకండి. వాటికి మీరే వెళ్ళి ఎత్తుకోండి. "రా" అని విని వచ్చిన ప్రతిసారీ దానికి ఏదో మంచి జరగాలి. ఇద్దరు హాలుకి చెరో చివర కూర్చుని మార్చి మార్చి పిలవండి, వచ్చినప్పుడల్లా పుట్నం. రోజుకి ఐదు నిమిషాలు మించొద్దు, ఆ వయసుకి అంతే ఓపిక. రేపు రోడ్డు మీద పట్టు జారినప్పుడు దాని ప్రాణం ఆ ఒక్క మాట మీద ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి ఎవరూ ఎత్తలేదు. మూడు వారాల నుంచి దాదాపు పద్నాలుగు వారాల వరకు కుక్కపిల్ల ఏది చూస్తే అది మామూలు విషయం అనుకుంటుంది. ఆ తర్వాత కొత్తదంతా భయం. ఇబ్బంది ఏమిటంటే టీకాల వరస పదహారు వారాలదాకా సాగుతుంది, మూడు నాలుగు వారాలకోసారి. అది పూర్తికాకుండా రోడ్డు మీద నడిపిస్తే పార్వో భయం. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. వాంతులు, రక్తవిరేచనాలు మొదలైతే ఆ పూటే సెలైన్ ఎక్కించాలి, తెల్లారాక చూద్దామంటే చాలా పిల్లలు దక్కవు.

అందుకని నేల మీద దింపకుండా చూపించాలి. భుజం మీద వేసుకుని సాయంత్రాలు గేటు దగ్గర నిలబడండి. ఆటో, స్కూటీ, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, కర్ర పట్టుకున్న తాత, గాజులమ్మే ఆమె. ఇంట్లో కుక్కర్ కూత, మిక్సీ, పూజ గంట. శబ్దం వచ్చినప్పుడు తినడానికి ఏదన్నా పెట్టండి.

---

డల్లాస్_వంశీ

ఇక్కడి పశు ప్రవర్తన వైద్యుల సంఘం కూడా ఇదే చెబుతుంది. మొదటి టీకా పడ్డ వారం తర్వాత నుంచి శుభ్రమైన చోట, టీకాలు పడ్డ కుక్కలతో కలపొచ్చని.

---

శైలజ_కేపీహెచ్‌బీ

కొత్త తలనొప్పి. అసోసియేషన్ వాళ్ళు నోటీసు అంటించారు. కుక్కలకి లిఫ్టు నిషేధం, ఫిర్యాదు వస్తే ఫ్లాటు ఖాళీ చేయాలట.

---

మియాపూర్_సెక్రటరీ

నేనూ ఒక అపార్ట్‌మెంట్ సెక్రటరీనే కాబట్టి అవతలి వైపు చెప్తాను. మా దగ్గర లిఫ్టులో పాస్ పోయించి, తుడవకుండా వెళ్ళినవాళ్ళున్నారు. గుండెజబ్బున్న పెద్దాయన మీదికి కుక్క దూకింది. నోటీసులు ఊరికే పుట్టవు.

అయితే చట్టం మీ వైపే ఉంది శైలజ గారూ. జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం మెజారిటీ తీర్మానం చేసినా సరే పెంపుడు జంతువుల్ని నిషేధించే అధికారం సంఘాలకి లేదు, లిఫ్టు కూడా ఆపకూడదు. కానీ ఆ కాగితం పట్టుకుని పోట్లాటకి వెళ్ళకండి. మునిసిపాలిటీలో లైసెన్సు తీసుకోండి, టీకాల కార్డు జిరాక్సు ఇవ్వండి, లిఫ్టులో ఎవరైనా ఉంటే తర్వాతి దానికి ఆగుతామని రాసివ్వండి, బెల్టు లేకుండా గడప దాటించకండి, దొడ్డికి ఎత్తడానికి సంచి జేబులో పెట్టుకుని తిరగండి. మా దగ్గర అలా రాసిచ్చినవాళ్ళ మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు.

---

తణుకు_తాయారు

సెక్రటరీ గారు అన్ని అపార్ట్‌మెంట్లలోనూ మీలాంటి వారుంటే బాగుణ్ణు. మా దగ్గరాయన పిచ్చుకలకి కూడా నోటీసిస్తాడు.

---

పశువైద్యుడు_ఓరుగల్లు | జూలై

బంతికి మూడు నెలలు నిండినట్టే కదా. జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల) దినం. 1885లో లూయీ పాశ్చర్ కుక్క కరిచిన అబ్బాయికి మొదటిసారి రేబిస్ టీకా వేసిన రోజది. ఏటా ఆ రోజు రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. ఉదయాన్నే వెళ్ళండి, వరస పెద్దగా ఉంటుంది. కార్డు మీద బ్యాచ్ నంబరు స్టిక్కరు అంటించుకోవడం మరవొద్దు, లైసెన్సుకి అదే ఆధారం. మళ్ళీ ఏడాదికి బూస్టరు.

వానలు పడ్డాయి, గోమార్లు మొదలవుతాయి. చెవి వెనకాల, వేళ్ళ సందుల్లో రోజూ చూడండి. అవి గోడ పగుళ్ళలో గుడ్లు పెడతాయి కాబట్టి ఇల్లూ చూసుకోవాలి. పశువులకి వాడే గోమార్ల మందు ఇంత చిన్నపిల్లకి పూయకండి, ఫిట్స్ వస్తాయి. బరువు తూచి రాసిచ్చిన మందే. తిండి మానేసి, జ్వరంతో, చిగుళ్ళు తెల్లగా పాలిపోతే గోమార్ల జ్వరం అనుమానించి రక్తపరీక్ష చేయించాలి.

---

నల్గొండ_నరేష్

మా దిక్కు పిడుదులంటరు. గవి ఒక్కసారి ఇంట్ల జొర్రినయంటె కిరాయికున్నట్టె.

---

వీధికుక్కల_సింధు | ఆగస్టు

హైదరాబాద్ వాళ్ళలో ఎవరికైనా ఇలాంటి పిల్ల కావాలంటే బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ ఉంది, 1992లో అమల అక్కినేని మొదలుపెట్టిన సంస్థ. దేశీ కుక్కలకి మన ఎండ, మన వాన పడతాయి, జుట్టు పొట్టి, రోగాలు తక్కువ. హస్కీని తెచ్చి రోజంతా ఏసీలో పెట్టేవాళ్ళని చూస్తే నాకు కుక్క మీద జాలి, కరెంటు బిల్లు మీద జాలి.

---

శైలజ_కేపీహెచ్‌బీ | అక్టోబరు

చాలా రోజులకి వచ్చాను. టీకాలన్నీ అయ్యాయి. పొద్దున, సాయంత్రం కిందికి వెళ్తోంది, ట్రే తీసేశాం. వానపడితే మాత్రం గడప దగ్గర కూర్చుని మా మొహాలు చూస్తుంది, తడవదు. దివాన్ మంచం కాలు ఒకటి కొరికేసింది, అది వేరే కథ.

ఒక వింత చెప్పాలి. నాలుగు మాటల్లో అది చెప్పగానే వినేది "ఆగు" ఒక్కటే. "కూర్చో" అంటే మా ఆయన చేతిలో పుట్నం ఉందో లేదో చూసి నిర్ణయించుకుంటుంది. ఎందుకా అని చూస్తే, "ఆగు" అనేది ఎక్కువగా అత్తయ్య గారు. వంటింటి గడప దగ్గర ఒకే గొంతుతో ఒకేసారి అంటారు. అది కాలు పెడితే వంట ఆపేసి బయటికొచ్చి నిలబడతారు, అది వెనక్కి వెళ్ళేదాకా కదలరు. ఒక్క రోజు కూడా మినహాయింపు లేదు, పండగ రోజు కూడా. మేమంతా యూట్యూబ్ చూసి చేసిందానికన్నా అదే ఎక్కువ పట్టింది. ఆవిడ ఇప్పటికీ దాన్ని ముట్టుకోరు. పొరపాటున తోక తగిలితే తలస్నానమే.

దీపావళి వస్తోంది. మొన్న ఎవరో ఒక టపాకాయ కాలిస్తే మంచం కింద దూరి అన్నం ముట్టలేదు. ఏం చేయాలి? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా ఎప్పుడు చేయించాలో చెప్పండి డాక్టర్ గారూ.

---

పశువైద్యుడు_ఓరుగల్లు

ఆ రోజు చీకటి పడకముందే తిప్పి తీసుకొచ్చేయండి, భోజనం కూడా ముందే. కిటికీలు మూసి, మందపాటి తెరలు వేసి, ఫ్యాను పెట్టి, టీవీ కొంచెం గట్టిగా పెట్టండి. మంచం కింద దూరితే లాగొద్దు, అది వెతుక్కున్న చోటు అది. దగ్గర కూర్చుని నిమిరితే భయం పెరుగుతుందని కొందరంటారు, పెరగదు. తలుపు తీసినప్పుడు జాగ్రత్త, దీపావళి రాత్రి తప్పిపోయే కుక్కలు చాలా. మెడపట్టీకి మీ ఫోన్ నంబరు కట్టండి. మరీ వణికిపోయేదైతే నాలుగు రోజుల ముందు మీ డాక్టరుని కలవండి, మందులున్నాయి. ఇంట్లో మనుషులకి వాడే నిద్రమాత్ర వేయొద్దు.

ఆపరేషన్ ఆరు నెలలు దాటాక చేయించవచ్చు. మొదటి ఎద ఆరు నుంచి ఏడాది మధ్య ఎప్పుడైనా వస్తుంది. అది రాకముందే చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు బాగా తగ్గుతుంది. ఎద మొదలైతే ఆ సమయంలో ఆపి, తగ్గాక రెండు నెలలాగి చేస్తాం. వీధిలోని మగకుక్కలన్నీ మీ పార్కింగ్‌లో సమావేశం పెడితే సెక్రటరీ గారి చేత ఇంకో నోటీసు.

---

గోదారిగట్టు

శైలజమ్మా, మీ అత్తగారి కాళ్ళకి నా దండాలు చెప్పు. దివాన్ మంచం కథ కూడా రాయి.

---

కొత్తసభ్యుడు_భీమవరం

అందరికీ నమస్తే. నా ల్యాబ్రడార్‌కి నాలుగు నెలలు. చేపల పులుసు వాసనొస్తే వీధి చివర్నించి లాక్కెళ్తోంది, చేయి పీకేస్తోంది. ఏం చేయాలి?

---

నిర్వాహకుడు

భీమవరం గారూ, స్వాగతం. బెల్టు లాగడం మీద "నడక, లాగుడు" పేరుతో వేరే చర్చ నడుస్తోంది, మీ ప్రశ్న అక్కడికి మారుస్తున్నాను. సింధు గారు, నరేష్ గారు అక్కడే ఉన్నారు. చేపల పులుసు దానికి పెట్టకండి, ఉల్లి ఉంటుంది.